నా ఓడకు వాసన లేదు

1999 ఫిబ్రవరి 21, ఆదివారం. గుడివాడలో మా బావగారి ఇల్లు. ఆయనకు డెబ్బయ్యో ఏట చేసే భీమరథశాంతి. హాజరైనవారు: బావగారు, అక్కయ్య, నా భార్య శారద, పురోహితులు శాస్త్రిగారు, పందిరి నిండా చుట్టాలూ ఇరుగుపొరుగూ, మూడు పిల్లులు, నేను, నా ఓడ. వీరిలో పిలవకుండా వచ్చినవి పిల్లులే. కడుపునిండా తృప్తిగా వెళ్ళినవీ అవే.

ఆ రోజు నా డైరీలో ఇంతవరకే ఉంది. యాభై ఏళ్ళుగా డైరీ రాస్తున్నవాణ్ణి, పెన్నులో సిరా ఉండగా పేజీ ఖాళీగా వదలడం అదొక్కసారే. ఇప్పుడు నవ్వుకునే వయసు వచ్చింది కనుక మిగతాది రాస్తున్నాను. ఒక మనిషి ఏడాదిపాటు, పద్ధతి ప్రకారం, ఏ మెట్టూ తప్పకుండా, తన పరువును తానే ఎలా ముంచుకోవచ్చో ఇందులో తెలుస్తుంది. ఓడ మునగడానికి సముద్రం కావాలనుకుంటాం. అక్కర్లేదండీ, గుడివాడ చాలు.

బావగారు బందరు రేవు ఆఫీసులో పనిచేశారు. రేవు పూడిపోయి ఓడలు రావడం మానేసినా, ఆయన సాయంత్రం పూట అటు నడిచి రావడం మాత్రం మానలేదు. రిటైరయ్యాక అక్కయ్య మాట మీద గుడివాడలో ఇల్లు కట్టుకున్నారు. తర్వాత మోకాళ్ళు పట్టేశాయి. సముద్రం చూసి ఏళ్ళు గడిచాయి. "ఈ ఊళ్ళో అన్నీ ఉన్నాయిరా, గాలి ఒక్కటే లేదు" అనేవారు. అక్కయ్య వెంటనే లేచి ఫ్యాను వేసేది. ఆయన ఫ్యానువంక చూసి నిట్టూర్చేవారు.

నేను బందరులోనే ఉండి, నీటిపారుదల ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాను. ఆ సన్మాన సభలో బావగారిని రెండు ముక్కలు మాట్లాడమన్నారు. ఆయన వేదికెక్కి, నా రెండు చేతులూ పట్టుకుని పైకెత్తి జనానికి చూపించారు.

"మా బావమరిది చేతులు చూడండి. సర్వీసు పూర్తయింది, ఒక్క కాయ కాయలేదు. సంతకానికీ పొడుం పట్టుకీ తప్ప ఇంక దేనికీ వాడలేదు. కొత్త చేతులు."

సభంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే జేబులోంచి డబ్బా తీసి ఒక పట్టు పొడుం పీల్చాను, దాంతో జనం ఇంకాస్త నవ్వారు. ఆ రోజే అనుకున్నాను: ఈయన నోటితోనే ఒక్కసారి 'శభాష్' అనిపించాలి. ఈ చేతులు చేసిన వస్తువును చూసి అనాలి, అదీ నలుగురి ఎదుట. ఆ ముహూర్తం భీమరథశాంతి రూపంలో ఏడాది ముందే కనిపించింది. వస్తువు ఏదన్న సందేహమే లేదు. సముద్రం దగ్గరికి ఆయన వెళ్ళలేరు కనుక ఆయన దగ్గరికే ఒక ఓడ రావాలి. మూడు తెరచాప స్తంభాల పాతకాలపు ఓడ, మూరెడు పొడవుది, నా చేతులతో చేసినది.

అప్పటికి నేను చిన్నవాణ్ణే, అరవై కూడా నిండలేదు. దుడుకు వయసు.

ఓడంటే చెక్కా గుడ్డా అనుకునేవాణ్ణి. కాదు, ఓడంటే తాళ్ళు. పొనికి చెక్కను చెక్కి ఓడ పొట్ట చేయడానికి రెండు నెలలైతే, మిగతా కాలమంతా తాళ్ళే మింగాయి. స్తంభాన్ని నిలబెట్టే తాడు, తెరచాపను లేపే తాడు, దించే తాడు, పక్కకి లాగే తాడు. ప్రతి తాడుకీ ఒక గిలక కావాలి. మన బావి గిలకలాంటిదే, కాకపోతే కందిగింజంత. జామకొమ్మ ఎండబెట్టి, గడ్డం గీసుకునే బ్లేడుతో ముక్కలు కోసి, సూదిని దీపం మీద కాల్చి బెజ్జం పెట్టి, చుట్టూ గాడి గీయాలి. వేళ్ళతో పట్టుకుంటే కనపడదు, వదిలితే దొరకదు. చిలకలపూడిలో గిల్టు నగలు చేసే ఒకాయన్ని బతిమాలి చిన్న పట్టకారు తెచ్చుకున్నాను. స్తంభాల తాళ్ళు బిగించడానికి వేపపుల్లను చక్రాల్లా కోసి, ఒక్కో చక్రానికి మూడేసి బెజ్జాల కళ్ళు పెట్టాను. పళ్ళు తోముకోవడానికి దాచుకున్న పుల్లలన్నీ ఓడకే పోయాయి.

తాడు పేనడం శారద దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ దీపాల వత్తులు చేసేటప్పుడు చూసి, నూలు దారం మూడు పేటలు కలిపి పురి పెట్టేవాణ్ణి. ఆవిడకు ఓడ అంటే కోపం లేదు గాని ఊడ్చే వేళ గుమ్మంలో చీపురుతో నిలబడి, "ఊడవమంటారా, ఇంకా ఓడ రేవులోనే ఉందా?" అనేది. ఒకసారి మాత్రం, "ఇన్ని గిలకలు చేస్తున్నారు, మన బావి గిలక ఆర్నెల్లుగా ఏడుస్తోంది. దాని మొహాన ఒక చుక్క నూనె వేయకూడదా?" అంది. అది బావి శాఖ, ఇది ఓడ శాఖ అని చెప్పాను.

కిటికీ దగ్గర వెలుతురు బాగుంటుందని, ఆవిడ కందిపప్పు ఏరుకునే చేట పక్కనే కూర్చుని గిలకలు చేసేవాణ్ణి. ఫలితం ఒక మధ్యాహ్నం పప్పులో తేలింది. శారద నోట్లోంచి తీసి చూసి, "పప్పు ఉడకలేదనుకున్నాను" అంది. నేను కడిగి, ఆరబెట్టి, దాన్ని ముందు స్తంభానికి ఎక్కించాను. గట్టి గిలక. ప్రెషర్ కుక్కర్‌లో మూడు విజిల్సు తట్టుకుంది.

ఇంతవరకూ కథ మంగళంగానే నడిచింది. ఇక్కడితో ఆపి ఓడను గాజు పెట్టెలో పెట్టి ఉంటే ఈ రాతే ఉండేది కాదు. కానీ నేను పద్ధతి మనిషిని. అన్ని ఫైళ్ళకీ ఒక తుది ఉత్తర్వు ఉన్నట్టే, ఓడకూ ఒక తుది పూత ఉంటుంది కదా, అదేమిటో తెలుసుకోవాలనిపించింది. గిలకలదిండిలో నాంచారయ్య అనే పడవల ఆసామి ఉన్నాడు. ఆఫీసు రోజుల నుంచీ పరిచయం. వెళ్ళి అడిగాను.

"నాంచారయ్యా, చెక్క ఓడ తయారయ్యాక చివర ఏం పూస్తారు?"

"సొరచేప నూనండీ. చెక్క పగలదు, పురుగు చేరదు. మా తాతల కాణ్ణించీ అదే."

"తాళ్ళకో?"

"తాళ్ళకీ అదేనండి. బాగా తాగనియ్యాలి. ఇంతకీ ఎన్ని కొయ్యల ఓడండీ?"

కొయ్య అంటే తెరచాప స్తంభం. నేను మునిగిన క్షణం ఇదే. బొమ్మయ్యా, మూరెడు బొమ్మ అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఏడాదిగా నన్నెవరూ ఇంత పెద్దమనిషి ప్రశ్న అడగలేదు.

"మూడు కొయ్యలది" అన్నాను.

నాంచారయ్య కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "మూడు కొయ్యలదా! ఈ రోజుల్లో. ఎక్కడ కట్టిత్తన్నారండీ?"

"ఇంట్లోనే, వెనక పంచలో."

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. రిటైరైనవాళ్ళు రకరకాలుగా అవుతారని అతనికి తెలిసే ఉంటుంది. "అయితే ఒక డబ్బా చాలదండి" అని రెండు పెద్ద డబ్బాలు రిక్షా ఎక్కించాడు.

ఇది చేపనూనె అని నాకు తెలుసు. మా ఇల్లు ఉల్లిపాయనే ఏకాదశి నాడు గుమ్మం దాటనివ్వని ఇల్లనీ తెలుసు. అందుకే డబ్బాలేమిటని శారద అడిగితే చెక్క నూనె అన్నాను. చెక్కకు పూసేది చెక్క నూనే కదా. అయినా నిర్లక్ష్యం చేయలేదు. మూత తీసి, ముక్కు ఆనించి, గట్టిగా పీల్చి పరీక్షించాను. ఏ వాసనా లేదు. డైరీలో రాసుకున్నాను: 'నూనె పరీక్షించాను. వాసన లేదు.'

చదివేవారికి ఒక మనవి. నలభై ఏళ్ళుగా పొడుం పీల్చిన ముక్కు అది. దాని పక్కన కర్పూరం వెలిగించినా, కరివేపాకు మాడినా దానికి ఒకటే. ఆ ముక్కు మొహం మీద ఉన్నది కళ్ళజోడు నిలవడానికి మాత్రమే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. నాకే తెలియదు.

తాళ్ళన్నీ డబ్బాలో వేసి, మూత పెట్టి, వారం రోజులు నూనెలో నానబెట్టాను. తాగనివ్వమన్నాడు కదా, తాగనిచ్చాను. తెరచాపలకు ఒక పూత, పొట్టకు రెండు పూతలు. కందిగింజంత గిలకలు కూడా ఒక్కొక్కటీ నూనెలో మునిగి లేచాయి. అవి మళ్ళీ తాళ్ళెక్కేసరికి శారద వంటింట్లోంచి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"ఏవండీ, ఎక్కడో ఎలక చచ్చింది. మీకు వాసన రావడం లేదూ?"

"రావడం లేదే."

వచ్చినా రాకపోయినా ఎలకను వెతకడం భర్త ధర్మం. అటక మీద సామాను దించాం. బీరువా జరిపాం. బియ్యం డబ్బాలు బోర్లించాం. కొండను తవ్వి ఎలుకను పట్టారని వింటాం గాని, మేం ఇల్లంతా తవ్వినా ఆ ఎలుక కూడా దొరకలేదు. ఓడ మీద ఏమైనా అనుమానం వచ్చిందా అంటారా? వచ్చింది. వెంటనే వెళ్ళి మళ్ళీ ముక్కు ఆనించి చూశాను. వాసన లేదు. డైరీలో పాత పేజీ తిరగేస్తే అందులోనూ వాసన లేదనే ఉంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఓడను నిర్దోషిగా వదిలేశాను.

పక్కింటావిడ రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు గోడ మీదనుంచి శారదను పిలిచి, డాక్టరు ఏమైనా తినమన్నాడా, మొహమాటపడకుండా చెప్పమని అడిగిందట. శారద కాసేపు అర్థం కాక, అర్థమయ్యాక లోపలికి వచ్చి కూర్చుంది. ఈ ఇంటి ఎలక మన పరువు తీస్తోంది అంది.

ఆదివారం పొద్దున్న పాసింజరు రైల్లో బయల్దేరాం. ఓడను అట్టపెట్టెలో పెట్టి, మీద పాత పంచె కప్పి, ఒళ్ళో పసిపిల్లవాడిలా పట్టుకున్నాను. రైలుపెట్టె కిటకిటలాడుతోంది. నేను కూర్చున్నానో లేదో ఎదురు బెంచీవాళ్ళు లేచారు. పక్కవాళ్ళు ద్వారం దగ్గరికి సర్దుకున్నారు. పెడన దాటేసరికి ఆ బెంచీల మధ్య నేనూ ఓడా తప్ప ఎవరూ లేరు. ఇంకా మన జనంలో కళ పట్ల ఇంత గౌరవం ఉందా అని నాకు కళ్ళు చెమర్చాయి. శారద కూడా ఆడవాళ్ళ పెట్టెలో గాలి బాగుంటుందని వెళ్ళిపోయింది. ఎలక మన వెంటే వస్తున్నట్టుందండీ అని వెళ్తూ వెళ్తూ అంది.

తర్వాతి స్టేషన్లో ఖాళీ చేపల బుట్టతో ఒక పెద్దావిడ ఎక్కింది. రైలంతా చూసి నేరుగా నా ఎదురుగా వచ్చి హాయిగా కూర్చుంది. పెట్టె వంక చూసి స్నేహంగా అడిగింది.

"సరుకు గుడివాడకేనా బాబూ?"

"అవునమ్మా."

"మంచి ధర పలుకుద్దా?"

"ఇది అమ్మేది కాదమ్మా. మా బావగారికి కానుక."

"ఎంత మంచోడివయ్యా" అని ఆవిడ మనస్ఫూర్తిగా అంది. ఆ ప్రయాణం మొత్తంలో నాకు దక్కిన మెచ్చుకోలు అదే. పైగా దేనికో తెలియకుండా దక్కింది.

గుడివాడ ఇంట్లో హోమం మొదలై, నెయ్యి పొగ కమ్మేసి ఉంది. ఆ పొగ చలవతో మేం లోపలికి వెళ్ళగలిగాం. ఓడను కలశాల పక్కనే పీట మీద పెట్టి, పంచె కప్పి ఉంచాను. పూర్ణాహుతి అయ్యాక అందరి ఎదుటా ముసుగు తీయాలని నా ఏర్పాటు. బావగారు కొత్త పంచెల్లో పీట మీద కూర్చుని ఉన్నారు. ఏడాదిలో కళ్ళజోడు బాగా మందమైంది. వెళ్ళి నమస్కారం పెడితే గొంతును బట్టి పోల్చుకుని, "వచ్చావుట్రా. కొత్త చేతులు ఊపుకుంటూనే వచ్చావా, ఏమైనా తెచ్చావా?" అన్నారు. కాస్త ఆగండి బావగారూ అన్నాను. నా గుండె బావి గిలకలా చప్పుడు చేస్తోంది.

పూర్ణాహుతి అయింది. పొగ తగ్గింది. పొగ తగ్గినకొద్దీ పందిట్లో మాటలూ తగ్గాయి. ముందు వరసలో ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. శాస్త్రిగారు మంత్రం మధ్యలో ఆపి, పాలేమైనా విరిగాయేమో చూడమ్మా అన్నారు. వంటాయనకు రోషం వచ్చింది. తన చేతిలో పాలు విరగడం ఇరవై ఏళ్ళలో లేదని గరిటెతో సహా వచ్చి చెప్పాడు. అప్పుడు శారద, పాపం, మంచి మనసుతోనే నోరు విప్పింది.

"ఎలక అయ్యుంటుందండీ. మా ఇంట్లోనూ నాలుగు రోజులుగా అచ్చం ఇదే వాసన."

అక్కయ్య మెల్లగా మా ఇద్దరి వైపూ తిరిగింది. "అచ్చం ఇదేనా?"

"అచ్చం ఇదే వదినా."

"అయితే మీతోనే వచ్చిందన్నమాట."

ఇక ఆలస్యం చేస్తే బాగుండదని, మాట మార్చడానికి నేను ముసుగు తీసేశాను. మూడు స్తంభాలూ, ఉబ్బిన తెరచాపలూ, వెంట్రుకల్లాంటి తాళ్ళూ, వాటికి వరసగా గిలకలూ. నిజం చెప్పాలి, ఒక్క క్షణం పందిరంతా "అబ్బ" అంది. ఆ 'అబ్బ' ఇంకా గాలిలో ఉండగానే పెరటి గోడ మీదనుంచి మొదటి పిల్లి దూకింది.

పాతకాలం ఓడల మీద నావికులు తాళ్ళు పట్టుకుని పైదాకా పాకేవాళ్ళట. నా ఓడకు ఆ ముచ్చట కూడా తీరింది. తెల్లపిల్లి ముందు స్తంభం, నల్లపిల్లి మధ్య స్తంభం పంచుకున్నాయి. మూడోది వయసులో పెద్దది, తాపీగా కింద కూర్చుని చుక్కాని నాకడం మొదలుపెట్టింది. నేను నల్లపిల్లి తోక పట్టుకుని లాగాను, అది తాడు పట్టుకుని లాగింది. వారం రోజులు నూనె తాగిన తాడు చాలా గట్టిదండీ. తెగలేదు. స్తంభం విరిగింది. గిలకలన్నీ ఆవాలు చిట్లినట్టు పందిరంతా చిట్లాయి. ఒకటి శాస్త్రిగారి పంచపాత్రలో పడింది.

అప్పుడు శారద గొంతు చిన్నగా వినిపించింది.

"ఏవండీ, ఆ డబ్బాల్లో ఉన్నదేమిటి?"

"చెక్క నూనె."

"ఏ చెక్క?"

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. అబద్ధం ఆడదామంటే అగ్నిసాక్షి ఎదురుగానే ఉంది.

"సొరచేప" అన్నాను.

శాస్త్రిగారు దర్భలు తీసుకుని, పందిరి దాటి నూతి దగ్గరికి వెళ్ళారు. మళ్ళీ పుణ్యాహవాచనం చేస్తే గాని ఆశీర్వచనం లేదన్నారు. ఆశీర్వచనం అయితే గాని విస్తళ్ళు లేవు. ఆకలి మీదున్న పందిరెడు జనం నా వైపు చూసిన చూపును వర్ణించే శక్తి నా కలానికి లేదు. అక్కయ్య ఓడను రెండు వేళ్ళతో పట్టుకుని వీధి గుమ్మం వైపు నడిచింది.

"ఏవిటే అది, ఇలా తే" అన్నారు బావగారు.

"వద్దండీ, చేపల కంపు."

"తే అంటున్నానా."

అప్పుడు అక్కయ్య చెబితే నాకు తెలిసింది. ఆయన రెండు కళ్ళకూ పొర కమ్మింది, ఈ శాంతి అయ్యాక ఆపరేషను చేయిస్తారట. అక్కయ్య ఉత్తరంలో రాయలేదు. మెరుపుల్లా, నీడల్లా తప్ప ఆయనకేమీ కనిపించదు. అంటే ఆయనకు పిల్లులు పీకిన ఓడకీ, పీకని ఓడకీ తేడా లేదు. కాల్చిన సూదులూ, గిలకల గాడులూ, వేపపుల్లల మూడేసి కళ్ళూ ఆయన దృష్టిలో లేనే లేవు. నేను నేలమీద వెతికి, ఒక గిలక ఏరి ఆయన అరచేతిలో పెట్టాను.

"ఏవిటిది, కందిగింజా?"

"గిలక బావగారూ. నేనే చేశాను."

"ఓహో" అని దాన్ని పక్కన పెట్టేశారు.

తర్వాత ఓడను ఒళ్ళోకి తీసుకున్నారు. చేత్తో తడిమారు. చేయి జిడ్డయింది. ఆ చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయారు. అక్కయ్య ఏదో అనబోతే ఆగమన్నట్టు చేయి చూపించారు.

"పడవలు ఒడ్డుకొచ్చే వేళ రేవు ఇలాగే ఉంటుందిరా. తెల్లారగట్ల" అన్నారు. ఇంకాసేపటికి, "దీన్ని ఎవరూ పారేయకండి" అన్నారు.

నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. శభాష్ అనడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఆయన అనలేదు. పీలుస్తూ కూర్చున్నారు.

మర్నాడు ఉదయం. అక్కయ్యకూ బావగారికీ సంధి కుదిరింది. ఓడ ఇంట్లో ఉండకూడదు, పెరట్లో బట్టలుతికే బండ మీద ఉండవచ్చు. నేను లేచేసరికి బావగారు దాని ఎదురుగా కుర్చీ వేయించుకుని కాఫీ తాగుతున్నారు. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో పిల్లుల కోసం కర్ర. గోడ మీద మూడు పిల్లులూ వరసగా కూర్చుని వేచి ఉన్నాయి. ఆయనకు కనపడవు కాబట్టి మాటిమాటికీ గాల్లో కర్ర ఊపుతున్నారు. ఆ ముఖంలో అంత ప్రశాంతత నేను ఫ్యాను కింద ఎన్నడూ చూడలేదు.

రైలుకు వేళైంది, వెళ్ళొస్తాం బావగారూ అన్నాను. దగ్గరికి రమ్మన్నారు. నా చేయి తన చేతిలోకి తీసుకుని, వేళ్ళ చివర బ్లేడు గాట్లూ, సూదితో కాలిన మచ్చలూ తడిమారు.

"కాయలు కాశాయే" అన్నారు.

"ఏడాది పట్టింది బావగారూ."

"ఊ" అని కాసేపు ఆలోచించారు. ఆ మాట వచ్చేస్తోందని నాకు తెలిసిపోయింది.

"ఈసారి వచ్చేటప్పుడు ఆ నూనె ఒక్కటీ సీసాలో పట్రా. ఓడ ఎందుకురా, బరువు."

రైలెక్కేముందు గుడివాడ స్టేషను బెంచీ మీద కూర్చుని, శారద సమక్షంలో, డైరీలో ఈ కింది తీర్మానం రాశాను. 'ఏ వస్తువుకైనా వాసన ఉన్నదీ లేనిదీ తేల్చే అధికారాన్ని నా ముక్కు నుంచి నేటితో తొలగించి, దాన్ని పూర్తిగా నా భార్య ముక్కుకు బదలాయించడమైనది. ఇకపై నేను మూరెడు ఓడ గాని, జానెడు ఓడ గాని, ఆఖరికి కాగితప్పడవ గాని చేయబోనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను.' శారద చదివి, సరే అంది. బావి గిలకకు నూనె వేసే సంగతి కూడా రాయమంది. కొబ్బరి నూనె అని స్పష్టంగా రాయమంది. రాశాను.

కింద సంతకం పెట్టి, ఒక పట్టు పొడుం పీల్చాను.